1918వ సంవత్సరపు విషజ్వరము: అది నేర్పిన పాఠములు



పడిశము పది రోగముల పెట్టు అని మన పెద్దలు చెప్పుదురు. అయినను జలుబును మనమొక రోగముగా లెక్కింపము. ముక్కు కారినను, గొంతు నొచ్చినను, రెండు మూడు దినములలో అదియే పోవునని మన పనులలో మనముందుము. చాల మారులు అట్లే పోవును కూడ. కాని జలుబు వేషమున వచ్చి, ఇంటిల్లిపాదిని ఒక్కసారిగా పడకవేసి, ఊళ్లకు ఊళ్లనే శోకమున ముంచిన జ్వరమొకటి మన దేశచరిత్రలో కలదు. దాని పేరు ఇన్‌ఫ్లుయెంజా. 1918వ సంవత్సరమున అది చేసిన సంహారమును గూర్చియు, ఆనాడు కొన్ని తావులలో ప్రజలెట్లు తప్పించుకొనిరను సంగతిని గూర్చియు నేడు కొంత మనవి చేయదలచితిని. ఆ చరిత్ర వినినచో, వానకాలమునను శీతకాలమునను ఇంటింట వినవచ్చు తుమ్ముల దగ్గుల విషయమున మనము చేయవలసినది ఏమో తెలియగలదు.

మొదట ఒక భేదమును గమనింపవలెను. జలుబు మెల్లగా వచ్చును. ముక్కును గొంతును బాధించును. పెద్దవారికి జ్వరము రాదు, వచ్చినను స్వల్పము. ఇన్‌ఫ్లుయెంజా అట్లు కాదు. ఉదయమున పొలము దున్నినవాడు సాయంకాలమునకు వణకుచు మంచమెక్కును. ఒళ్లు విరిచినట్లు నొప్పులు, తలపోటు, తీవ్రజ్వరము, పొడిదగ్గు, మిక్కిలి నీరసము దీని లక్షణములు. రెండును వైరసులనబడు అతిసూక్ష్మములైన రోగకారకముల వలననే కలుగును గాని, ఆ వైరసులు వేరు వేరు జాతులవి. మనము రెంటిని జలుబు అను ఒక్క మాటతోనే పిలిచి, రెంటిని ఒక్క తీరుగనే ఉపేక్షించుచున్నాము. ఆ ఉపేక్షయే ప్రమాదమునకు మూలము.

1918 నాటికి మొదటి ప్రపంచయుద్ధము నాలుగవ యేట నడుచుచుండెను. లక్షలాది సైనికులు ఇరుకు శిబిరములలోను, ఓడలలోను, రైళ్లలోను క్రిక్కిరిసి యుండిరి. ఆ సంవత్సరము మార్చి నెలలో అమెరికా దేశపు కాన్సాస్ రాష్ట్రమందలి ఫన్‌స్టన్ శిబిరమున ఈ జ్వరము సైనికులలో ప్రబలినట్లు వ్రాతలు కలవు. సైన్యములతోపాటు అది ఐరోపాఖండము చేరెను. యుద్ధము చేయుచున్న దేశములు తమ బలహీనత శత్రువునకు తెలియరాదని రోగవార్తలను పత్రికలలో అణచివేసినవి. స్పెయిన్ దేశము యుద్ధమున చేరలేదు గనుక అచటి పత్రికలు నిజము వ్రాసినవి. ఆ దేశపు రాజు పదమూడవ అల్ఫోన్సో జబ్బుపడిన సంగతియు ప్రకటించినవి. అందుచేత లోకము ఆ రోగమునకు స్పానిష్ జ్వరమని పేరు పెట్టెను. నిజము చెప్పిన దేశమునకు నింద వచ్చినది. దాచిన దేశములకు రాలేదు. నేటికిని ఇంటిలో రోగమున్నదని చెప్పినవారిని వేలెత్తి చూపి, దాచినవారిని విడిచిపుచ్చు అలవాటు మనకు పోలేదు.

మన దేశమునకు ఈ రోగము సముద్రమార్గముననే వచ్చెను. 1918 మే నెల చివర సైనికులతో ఒక ఓడ బొంబాయి రేవు చేరినది. జూన్ 10వ తేదీన రేవున కావలి కాయు పోలీసు సిపాయిలు ఏడుగురు జ్వరముతో ఆసుపత్రిలో చేరిరి. తరువాత రేవు కూలీలకు, కచేరీ గుమాస్తాలకు, మిల్లు పనివారికి వ్యాపించెను. ఈ మొదటి విడత అంత ప్రాణాంతకము కాలేదు. జూలై గడచునప్పటికి తగ్గుముఖము పట్టెను. జనులు ఊపిరి పీల్చుకొనిరి. కాని సెప్టెంబరులో రెండవ విడత వచ్చినది. అది మొదటిదాని వంటిది కాదు. జ్వరము వచ్చిన కొద్ది దినములకే ఊపిరితిత్తులు చెడి, శ్వాస ఆడక, బలిష్ఠులైన యువకులు ప్రాణములు విడిచిరి. అక్టోబరు 6వ తేదీ ఒక్క దినముననే బొంబాయి నగరమున 768 మంది మరణించిరి.

బొంబాయి నుండి రైలుమార్గముల వెంబడి రోగము దేశము నలుమూలలకు ప్రాకెను. రైలు ఉద్యోగులును, టపా పనివారును మొదట జబ్బుపడినవారిలో నుండిరి. ఆ యేటనే నైరుతి ఋతుపవనము విఫలమయ్యెను. పైరులెండెను, గడ్డి కరవయ్యెను, ధాన్యము ధర మండిపోయెను. ఆకలిచే చిక్కిన దేహములపై జ్వరము వచ్చి పడెను. వైద్యులలో పలువురు యుద్ధరంగమున నుండుటచే పల్లెలకు దిక్కు లేకపోయెను. ప్రసిద్ధ హిందీకవి సూర్యకాంత త్రిపాఠీ నిరాలా అప్పటికి యువకుడు. ఆయన భార్యను, మఱికొందరు కుటుంబసభ్యులను ఈ జ్వరమే పొట్టనబెట్టుకొనెను. గంగానది శవములతో నిండి యుండుటను తాను కన్నులార చూచితినని ఆయన తరువాత వ్రాసికొనెను. దహనమునకు కట్టెలు సైతము చాలని దినములవి.

ఎంతమంది మరణించిరి? నాటి ప్రభుత్వపు ఆరోగ్యాధికారి నార్మన్ వైట్ తొలుత వేసిన అంచనా అరువది లక్షలు. తరువాత జనాభా లెక్కలను పరిశీలించిన పండితులు అది చాల తక్కువయని తేల్చిరి. వారి అంచనాలు కోటి ఇరువది లక్షలు మొదలు కోటి ఎనుబది లక్షల వరకును, అంతకు మించియు ఉన్నవి. 1911వ సంవత్సరమున నేటి భారతదేశపు ఎల్లల లోపల 25 కోట్ల 20 లక్షల జనముండగా, 1921లో 25 కోట్ల 13 లక్షలకు తగ్గినది. పదియేండ్ల కొకసారి తీయు మన జనాభా లెక్కలలో దేశజనము తగ్గిన దశాబ్దము అదియొక్కటే.

మన తెలుగునేల మాట చెప్పవలెనన్న, కోస్తాజిల్లాలును రాయలసీమయు చేరియుండిన నాటి మద్రాసు రాజధానిలో మరణములు బొంబాయి, మధ్యపరగణాలు, పంజాబులతో పోల్చినచో తక్కువ. తెలంగాణము చేరియుండిన నైజాము రాజ్యము మాత్రము గట్టిదెబ్బ తినెను. 1911లో ఆ రాజ్యమున 1 కోటి 33 లక్షలకు పైబడి జనముండిరి. 1921 నాటికి 1 కోటి 24 లక్షల చిల్లర మిగిలిరి. కరవు, ప్లేగు, ఇన్‌ఫ్లుయెంజా మూడును కలిసి, పుట్టినవారినందరిని లెక్కకు తెచ్చిన తరువాత సైతము, తొమ్మిది లక్షల వెలితి చేసినవి.

ఈ రోగము ఎవరిని ఎక్కువగా కొట్టెనో కూడ చూడవలెను. సామాన్యముగ జ్వరములు పసివారిని, వృద్ధులను కబళించును. ఇది ఇరువది నలువది యేండ్ల మధ్యనున్న వారిని ఎక్కువగా తీసికొనిపోయెను. మన దేశమున పురుషులకన్న స్త్రీలు ఎక్కువగా మరణించిరి. ఇంట రోగులకు ఉపచారము చేయువారు వారే. తాము జబ్బుపడినప్పుడు ఉపచారము లేనివారును వారే. బొంబాయి నగరపు లెక్కలలో మఱియొక సంగతి కలదు. అచటి ఐరోపావారిలో వేయింటికి ఎనమండుగురు మరణింపగా, నాటి లెక్కలలో నిమ్నజాతులని వ్రాయబడినవారిలో వేయింటికి 61 మంది మరణించిరి. వైరసునకు కులభేదము తెలియదు. కాని గాలి వెలుతురులేని ఇరుకుగదియు, అరకొర కూడును, పనికి పోనిచో పస్తు అను దుఃస్థితియు వైరసునకు సాయపడినవి.

వైద్యులేమి చేసిరని మీరడుగవచ్చును. రోగకారణమే వారికి తెలియదు. 1892లో ఫైఫర్ అను జర్మను పండితుడు ఒక బాక్టీరియాను చూపి, ఇన్‌ఫ్లుయెంజాకు అదియే కారణమని చెప్పియుండెను, అది పొరపాటు. వైరసును చంపు మందు లేదు, టీకా లేదు, ఊపిరితిత్తులలో తరువాత చేరు బాక్టీరియాను చంపుటకు పెన్సిలిన్ అప్పటికి పుట్టలేదు. కావున రోగి పక్కను కూర్చుండి, నీరు త్రాగించి, గంజి పోసి, పక్క మార్చి, లేవనీయక కాపాడుటయే ఆనాటి చికిత్స. చిన్నదిగా తోచు ఈ ఉపచారమే పెక్కుమంది ప్రాణములు నిలిపెను. ఇంటిల్లిపాది ఒక్కసారిగా పడకవేసిన చోట్ల గుక్కెడు నీళ్లిచ్చు దిక్కులేక మరణించినవారు ఎందఱో. బొంబాయిలోను, గుజరాతు పట్టణములలోను సేవాసంఘముల యువకులు ఇల్లిల్లు తిరిగి మందును, పాలును పంచిరి.

ఇక తప్పించుకొన్నవారి కథ. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున 1918 సెప్టెంబరు 28వ తేదీన యుద్ధఋణముల కొఱకు గొప్ప ఊరేగింపు జరిగెను. రోగము నగరమున ప్రవేశించినదని తెలిసియు అధికారులు దానిని నిలుపలేదు. రెండు లక్షల జనము వీథులలో గుమిగూడిరి. కొద్ది దినములలోనే ఆసుపత్రులు నిండిపోయినవి. పిమ్మట బడులు, నాటకశాలలు, ప్రార్థనామందిరములు మూసిరి గాని సమయము మించిపోయెను. సెయింట్ లూయీ నగరమున ఆరోగ్యాధికారి మాక్స్ స్టార్క్‌లాఫ్ అట్లు చేయలేదు. రోగము అడుగిడిన తొలిదినములలోనే వర్తకుల గొణుగుడు లెక్కింపక బహిరంగసభలను నిషేధించెను. రోగము ఉధృతముగ నున్న వారమున ఫిలడెల్ఫియాలో లక్షమందికి 257 మంది చొప్పున మరణింపగా, సెయింట్ లూయీలో 31 మంది మాత్రమే. మధ్యలో కట్టుబాట్లు సడలించినప్పుడు అచటను రోగము మరల తలయెత్తెను.

ఇంతకన్న స్పష్టమైన నిదర్శనము పసిఫిక్ మహాసముద్రమున కలదు. సమోవా దీవులు అప్పుడు రెండు ప్రభుత్వముల క్రింద నుండెను: పడమటివి న్యూజీలండు పాలనలోను, తూర్పువి అమెరికా పాలనలోను. ప్రజలొక్కటే, భాష ఒక్కటే, బంధుత్వము లొక్కటే. 1918 నవంబరు 7వ తేదీన టలూన్ అను ఓడ ఆక్లండు నుండి పడమటి సమోవాలోని ఆపియా రేవు చేరెను. ఓడలో రోగులుండిరి. అయినను ప్రయాణికులను ఒడ్డునకు దిగనిచ్చిరి. రెండు నెలలు గడవకముందే సుమారు 8,500 మంది, అనగా ప్రతి అయిదుగురిలో ఒకరికి పైగా, మరణించిరి. ఊరి పెద్దలును, కులనాయకులును పెక్కుమంది పోవుటచే ఆచారములు చెప్పువారు కూడ కరవైరి. తూర్పు సమోవాలో గవర్నరు జాన్ పోయర్ రోగవార్తను తంతిలేని టెలిగ్రాఫు మూలమున విని, వచ్చు ఓడలను నిలిపివేసెను. గ్రామపెద్దల సాయముతో తీరము పొడవున కావలి పెట్టించెను. పడవలపై వచ్చు బంధువులను సైతము దిగనీయలేదు. ఆ దీవులలో ఈ జ్వరమున ఒక్కరును మరణింపలేదు. న్యూజీలండు ప్రధాని హెలెన్ క్లార్క్ 2002వ సంవత్సరమున సమోవా ప్రజలను తమ పాలకుల తప్పునకు క్షమాపణ వేడిరి. ఎనుబది నాలుగేండ్లు గడచినను ఆ గాయము మానలేదన్నమాట.

గవర్నరు ఆజ్ఞ ఇచ్చినాడు, నిజమే. కాని వచ్చిన చుట్టమును తీరమున నిలిపి, నాయనా, నేడు కాదు, మఱియొక నెలకు రమ్ము అని చెప్పగలవారు ఊరి పెద్దలే. మన్నన పోవునేమో, మాట పడవలసివచ్చునేమో అని వారు సంకోచించినచో ఆజ్ఞ కాగితమునకే పరిమితమై యుండెడిది.

జలుబు విషయమునను ఇట్టిదే ఒక నిదర్శనము కలదు. చలిగాలి తగిలినందున జలుబు చేసినదని మనమందుము. ఉత్తరధ్రువమునకు చేరువనున్న స్పిట్స్‌బెర్గెన్ దీవిలో బొగ్గుగనుల పనివారుందురు. శీతకాలమున సముద్రము గడ్డకట్టి, నెలల తరబడి ఓడలు రాకుండెడివి. 1930, 1931 సంవత్సరములలో ఇద్దరు పరిశోధకులు అచట నివసించి చూచిరి. ఎముకలు కొరుకు చలిలో జలుబులు దాదాపు మాయమయ్యెను. వసంతమున మొదటి ఓడ వచ్చిన కొద్ది దినములకే ఊరంతయు తుమ్మనారంభించెను. చలి మన దేహమును కొంత అలసటపెట్టిన పెట్టవచ్చును. తలుపులు మూసికొని ఇరుకున కూర్చుండునట్లు చేయుటయు నిజమే. కాని జలుబు గాలిలో పుట్టునది కాదు, మనుష్యుని నుండి మనుష్యునకు వచ్చునది.

ఇన్‌ఫ్లుయెంజా వైరసును 1933లో లండనులో విల్సన్ స్మిత్, ఆండ్రూస్, లెయిడ్లా అను మువ్వురు వైద్యపండితులు పట్టుకొనిరి. వారు రోగుల గొంతు కడిగిన నీటిని ఫెరెట్ అను ముంగిస వంటి జంతువుల ముక్కులలో వేయగా వానికి జ్వరము వచ్చెను. 1936లో జబ్బుపడిన ఫెరెట్ ఒకటి స్టూఆర్ట్ హారిస్ అను పరిశోధకుని మొగముపై తుమ్మగా ఆయనకును జ్వరము తగిలెను. రోగము తుమ్ముతో పోవునను మాట అట్లు కన్నులయెదుటనే ఋజువయ్యెను. 1940 తరువాతి సంవత్సరములలో కోడిగ్రుడ్లలో వైరసును పెంచి అమెరికాలో టీకా తయారుచేసిరి. ఈ వైరసు రూపము మార్చుచుండును గనుక ప్రపంచ ఆరోగ్యసంస్థ 1952 నుండి దేశదేశముల కావలి పెట్టి, టీకాలో చేర్చవలసిన రకములను ఏటేట నిర్ణయించుచున్నది. 1957, 1968, 2009 సంవత్సరములలో క్రొత్తరూపములతో ఇది మరల లోకమును చుట్టినది. 2009 మే నెలలో మన దేశమున మొదటి రోగి విమానమున వచ్చి హైదరాబాదులో బయటపడెను. 1918లో ఓడకు వారములు పట్టిన దారి ఇప్పుడు ఒక్క దినపు ప్రయాణము. 2020లో వేఱొక వైరసు వలన వచ్చిన కోవిడు మనకెల్లరకు అనుభవమే.

నేడు మందులున్నవి, ఆసుపత్రులున్నవి. అయినను ఏటేట ఇన్‌ఫ్లుయెంజా వలన ప్రపంచమున 2 లక్షల 90 వేలు మొదలు 6 లక్షల 50 వేల వరకు మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. వారిలో అరువదియైదేండ్లు దాటినవారే ఎక్కువ. 1918లో యువకులను కొట్టిన రోగము ఇప్పుడు ముఖ్యముగ వృద్ధుల గుమ్మము తట్టుచున్నది. మన దేశమున ఇది వానకాలమున ఒకమారు, జనవరి మొదలు మార్చి వరకు ఒకమారు హెచ్చుగా కనబడును.

కావున పెద్దలకు నా మనవి యిది. జ్వరము వచ్చినవానిని పనికి తోలకుడు; తగ్గినదని తోచిన దినముననే నాగలి పట్టనీయకుడు. రోగిని వేరుగ, కిటికీ తెరచిన గదిలోనో వసారాలోనో పండుకొననిండు. దగ్గునప్పుడు నోటికి కండువానో మోచేతినో అడ్డము పెట్టుకొనుటయు, ఉమ్మి ఎక్కడబడిన అక్కడ వేయకుండుటయు, సబ్బుతో చేతులు కడుగుకొనుటయు పిల్లలు పెద్దలను చూచియే నేర్చుకొందురు. లంఖణము పరమౌషధమను మాట అజీర్ణమునకు చెల్లునేమో గాని ఈ జ్వరమునకు చెల్లదు. నీళ్లు, జావ, మజ్జిగ, పలుచని పప్పుకట్టు రోగి ఇష్టపడినంత తరచుగ ఇయ్యవలెను. బాక్టీరియాను చంపు మందులు వైరసులను చంపజాలవు. దుకాణమున అడిగి కొని మ్రింగుట వ్యర్థము, హానికరము. ఆయాసము వచ్చినను, ఛాతీ నొచ్చినను, మాట తడబడినను, పెదవులు నీలమైనను, తగ్గిన జ్వరము మరల తిరుగబెట్టినను తెల్లవారువరకు వేచియుండక ఆసుపత్రికి పోవలెను. వృద్ధులు, గర్భిణులు, మధుమేహము, ఉబ్బసము, గుండెజబ్బు గలవారు ఏటేట టీకా వేయించుకొనుటను గూర్చి వైద్యుని అడుగవలెను.

వీటన్నిటికన్న కష్టమైనది మఱియొకటి కలదు. పెండ్లికి పిలుపు వచ్చినది, ఇంట మనుమనికి జ్వరము. పోకున్న చుట్టము లేమనుకొందురో అను శంక. జాతర దగ్గరపడినది, ఊర సగము దగ్గుచున్నారు. ఆపుదమన్న దేవతకు కోపము వచ్చునేమో అను భయము. అట్టివేళ యువకులు తమంత తాము నిశ్చయింపలేరు. మీ మొగము చూతురు. ఈసారి వద్దు, ఆరోగ్యము కుదిరిన తరువాత చేసికొందము అని రచ్చబండపై మీరొక్క మాట చెప్పినచో చెల్లును. తూర్పు సమోవాలో పెద్దలు ఆ మాట చెప్పిరి. పడమటి సమోవాలో చెప్పువారు లేకపోయిరి.